పాత డీజిల్ క్యారవాన్‌ను మన ఎండకూ మన ఘాట్‌లకూ నిలబెట్టుకోవడం ఎలా?

మా బండి పుట్టుకతో క్యారవాన్ కాదు. 2008 మోడల్ టెంపో ట్రావెలర్, పదేళ్ళకు పైగా టూరిస్టులను తిప్పింది. సీట్లు పీకించి వెనక మంచం, పక్కన చిన్న వంటగట్టు, పైన సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకుని ఇప్పుడు ఇంటిల్లిపాదీ దాంట్లోనే తిరుగుతున్నాం. ఇంజను మెర్సిడెస్ ఓ.ఎం. 616 వంశానిది. నాలుగు సిలిండర్లు, మామూలు డీజిల్ పంపు, కంప్యూటర్ లేదు. తిరుపతిలోనే కాదు, ఏ చిన్న ఊళ్ళో ఆగినా దీని మీద చెయ్యి వేయగల మెకానిక్ దొరుకుతాడు. పాత డీజిల్ బండి పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనబడదు.

ఇలాంటి బండి గురించి చదవబోతే దొరికే సలహాలు ఎక్కువగా చలిదేశాల వాళ్ళవి. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా ఏం చేయాలి, లోపల హీటర్ ఏది పెట్టాలి అంటూ సాగుతాయి. మన దగ్గర బండిని తినేసేవి వేరు. మే నెల ఎండ, సున్నం తేలే బోరునీళ్ళు, నవంబరు ముసురు, వీటన్నిటికీ మించి ఘాట్ రోడ్డు. డబ్బు ఏ వరసలో ఖర్చుపెట్టాలో వీటిని బట్టే తేల్చుకోవాలి. చాలామంది సోలార్, ఏసీ, సోఫా ముందు పెట్టించేసి బ్రేకుల దాకా వచ్చేసరికి చేతిలో డబ్బు లేక ఆగిపోతున్నారు. నేనూ మొదట అదే చేశాను. కింద రాసిన వరస, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తే నేను చేసుకునే వరస.

1. ముందు కాటా ఎక్కించండి

ఏదీ కొనకముందే బండి బరువు తెలియాలి. సామాను సర్ది, నీళ్ళ ట్యాంకు నింపి, గ్యాస్ సిలిండర్ పెట్టి, ప్రయాణానికి వచ్చే అందరూ ఎక్కి కూర్చున్నాక వేబ్రిడ్జికి తీసుకెళ్ళండి. గ్రానైట్ లారీల వెనక కాసేపు వరసలో నిలబడాల్సి వస్తుంది, ఫర్వాలేదు. మూడుసార్లు తూచమనండి: మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఒకసారి. ఆర్.సి.లో రాసిన మొత్తం బరువుతోనూ, కంపెనీ పలక మీద ఒక్కో యాక్సిల్‌కు ఇచ్చిన హద్దుతోనూ పోల్చుకోండి.

మా బండి మొత్తం బరువు హద్దులోనే ఉంది. వెనక యాక్సిల్ మాత్రం 140 కిలోలు ఎక్కువ మోస్తోంది. కారణం చూస్తే, 120 లీటర్ల నీళ్ళ ట్యాంకును తీసుకెళ్ళి వెనక డోరు దగ్గర బిగించారు. నిండితే అదొక్కటే 120 కిలోలు. వెనక యాక్సిల్ దాటి వేలాడే బరువు, తన బరువుకన్నా ఎక్కువే వెనక చక్రాల మీద వేస్తుంది, ముందు చక్రాలను పైకి లేపుతుంది. హైవేలో స్టీరింగ్ తేలిపోతున్నట్టు ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ట్యాంకును రెండు యాక్సిళ్ళ మధ్యకు, ఛాసిస్ మీదికి మార్పించాం. ఆ పనికి అయిన ఖర్చుతో స్టీరింగ్ కుదురుకుంది, వెనక టైర్లు అరిగే తీరు మారింది.

2. బ్రేకులు

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

బండి కొన్న నాలుగు నెలలకు బెంగుళూరు నుంచి వస్తున్నాం. పలమనేరులో టీ తాగి మొగిలి ఘాట్ దిగడం మొదలుపెట్టాం. బండిని అంతకుముందు నడిపిన డ్రైవరు నాకో చిట్కా చెప్పి ఉన్నాడు, దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందని. అదే చేశాను. ముందు వాసన వచ్చింది, కొబ్బరిపీచు కాలినట్టు. పక్కన పొలంలో ఏదో తగలబెడుతున్నారనుకున్నాను. తర్వాతి మలుపులో పెడల్ తొక్కితే, ఎప్పుడూ సగంలో గట్టిగా ఆగేది, ఈసారి తడి గుడ్డ తొక్కినట్టు మెత్తగా కిందిదాకా జారింది. గబగబా రెండు మూడుసార్లు కొట్టి, మూడో గేరులోకి, ఆపైన రెండో గేరులోకి దించి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ రోడ్డు వారన ఆపగలిగాను. చక్రాల కింద రాళ్ళు పెట్టాను. మా ఆవిడ పాపను ఎత్తుకుని బండికి దూరంగా వెళ్ళి నిలబడింది. చాలాసేపు మేం ఇద్దరం మాట్లాడుకోలేదు.

చిత్తూరులో ఒక పెద్దాయన షెడ్డుకు మెల్లగా చేర్చాం. చక్రం మీద నీళ్ళు చిలకరిస్తే సుయ్యిమంది. ఆయన నా ముఖం చూసి అడిగిన మొదటి మాట: "ఏం సామీ, న్యూట్రల్లో దిగితివా?" తర్వాత చక్రం దగ్గర ఆయిల్ వదిలే బ్లీడర్ నట్టు వదులు చేసి పాత ఆయిల్‌ను సీసాలోకి దించాడు. ఫిల్టర్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. కొత్త బ్రేక్ ఆయిల్ తేనెకన్నా తేటగా ఉంటుంది.

జరిగిందేమిటంటే, బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు అవే లెక్కలు 230, 155. దిగుడులో బండిని బ్రేకులతోనే పట్టుకుంటే ఆ వేడి సులువుగా వస్తుంది. ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడితే పెడల్ తొక్కిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా వెళ్ళదు.

కాబట్టి, బండి కొనగానే పాత ఆయిల్ మొత్తం తీయించి కొత్తది పోయించండి, పైపైన నింపించి వదలకండి. ఆపైన రెండేళ్ళకోసారి మార్పించండి, బండి షెడ్డులోనే ఉన్నా సరే. డబ్బా మూత తీసి నెలలు గడిచిన ఆయిల్ వాడకండి. నాలుగు చక్రాలూ విప్పించి లైనింగ్ మందం, డ్రమ్ములో గాడులు, వీల్ సిలిండర్ రబ్బర్ల దగ్గర చెమ్మ మీ కళ్ళతో చూడండి. చెమ్మ ఉంటే ఆ సిలిండర్ కిట్టు వేయిస్తే సరి. లైనింగ్‌కు ఆయిల్ అంటితే పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసే షాపులున్నాయి, ఒప్పుకోవద్దు, కొత్తవి వేయించండి. రబ్బర్ హోసులు పదేళ్ళు దాటితే బయటికి బాగున్నా లోపల ఉబ్బి దారి మూసేస్తాయి. ఒక చక్రం మాత్రమే వేడెక్కుతుంటే ముందు దాని హోసునే అనుమానించాలి.

ఇంకొకటి. పెట్రోలు ఇంజనుకు ఉన్నట్టు ఈ పాత డీజిల్ ఇంజన్లకు గాలిదారిలో థ్రాటిల్ మూత ఉండదు, అందుకని బ్రేక్ బూస్టర్‌కు (మన తొక్కుడు బలాన్ని పెంచే డబ్బాకు) కావలసిన వాక్యూమ్ తనంతట తాను పుట్టదు. ఇంజనుతో తిరిగే ఒక చిన్న వాక్యూమ్ పంపు దాన్ని తయారుచేస్తుంది. దిగుడులో ఇంజను ఆపేస్తే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకు అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పరీక్ష సులువు: ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే పంపు, బూస్టర్ బాగున్నట్టు. దిగకపోతే ఘాట్ వైపు వెళ్ళకండి.

ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమవుతుందో దిగేటప్పుడూ అదే గేరు. వెనక బస్సులు హారన్ కొడతాయి, కొట్టనివ్వండి.

3. రేడియేటర్, నీళ్ళు, వేడి

మే నెలలో రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు ఎరుపు దగ్గరికి వెళ్తుంటే, ఒక షెడ్డులో థర్మోస్టాట్ (నీళ్ళు కాగాకే రేడియేటర్ దారి తెరిచే మూత) తీసి పారేశారు. "మన ఎండకు ఇది అక్కర్లేదు సార్" అన్నారు. ఈ మాట మీకూ ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. థర్మోస్టాట్ ఇంజను త్వరగా వేడెక్కడానికి మాత్రమే కాదు. చాలా ఇంజన్లలో అది పూర్తిగా తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉండి, కొంత వేడినీరు రేడియేటర్ వైపు పోకుండా మళ్ళీ ఇంజనులోకే తిరుగుతుంది. మా బండి తీయించాక పొద్దునపూట చల్లగా నడిచి, మధ్యాహ్నం ఘాట్‌లో ముందుకన్నా ఎక్కువ కాగింది.

అసలు జబ్బు రేడియేటర్ షాపులో బయటపడింది. పై ట్యాంకు విప్పి టార్చ్ వేసి చూపించారు. ట్యూబుల నోళ్ళలో తెల్లటి పెచ్చులు, ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే సున్నం లాంటివే. సగం ట్యూబుల్లోకి ఇనుప పుల్ల దూరలేదు. పాత ఓనరు ఏళ్ళ తరబడి దారిలో దొరికిన బోరునీళ్ళు పోశాడు. మన వైపు బోరునీళ్ళంటే రేడియేటర్‌కు మెల్లగా ఎక్కే విషం.

చేయాల్సింది ఇది. రేడియేటర్ దించి, పుల్ల వేసి శుభ్రం చేయించండి. మరీ పాడైతే కోర్ మార్పించండి. ఇంజను బ్లాకును కూడా విడిగా నీటిధారతో కడిగించండి, లేకపోతే అందులో తుప్పు వారంలో కొత్త కోర్‌కు చేరుతుంది. డిస్టిల్డ్ వాటర్, మంచి కూలెంట్ సగం సగం కలిపి పోయండి. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికే అనుకుని మనవాళ్ళు వదిలేస్తారు. మనకు దాని ఉపయోగం తుప్పు ఆపడం, మరిగే హద్దు పెంచడం. డబ్బా మీద రాసిన గడువుకు మార్చండి. రెండు లీటర్ల కలిపిన కూలెంట్ సీసా బండిలో ఎప్పుడూ ఉండాలి, దారిలో బోరింగు వెతుక్కోకుండా.

ప్రెషర్ క్యాప్, అంటే రేడియేటర్ మూత, చాలా చవకైన సామాను, చాలా ముఖ్యమైనదీ. 0.9 బార్ క్యాప్ సరిగా పట్టుకుంటే లోపల నీళ్ళు 100 డిగ్రీల వద్ద కాక 118 దగ్గర మరుగుతాయి. రబ్బరు ఎండిన క్యాప్‌తో ఆ లాభమంతా పోతుంది. వేడి మీద దాన్ని తెరవకండి. గుడ్డ వేసి తెరిచినా ముఖం కాలినవాళ్ళున్నారు.

వేడి ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడానికి ఒక గుర్తు: ట్రాఫిక్‌లో నిలబడినప్పుడే కాగుతూ, హైవే ఎక్కగానే తగ్గితే ఫ్యాన్ లేదా బెల్టు వైపు చూడండి. హైవేలో, ఎత్తులో కాగుతుంటే రేడియేటర్‌లో నీళ్ళు పారడం లేదు. రెండుచోట్లా కాగుతూ, కూలెంట్ తగ్గుతూ, స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో బుడగలు తేలుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. కంపెనీ ముల్లును పూర్తిగా నమ్మకండి. విడిగా ఒక టెంపరేచర్ మీటరు, హద్దు దాటితే మోగే బజర్‌తో పెట్టించుకోండి. బండి మీద నేను పెట్టిన మార్పుల్లో ఇది చిన్నది, కానీ ఇంజనును కనీసం ఒకసారి కాపాడింది.

4. డీజిల్, ఆయిల్, పొగ

క్యారవాన్ రోజూ తిరిగే బండి కాదు. నెలల తరబడి నిలిచి ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు తేమ నీరై అడుగుకు చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. ఫిల్టర్ పదేపదే మూసుకుపోతుంటే కారణం తరచూ ఇదే. నిలిపే ముందు ట్యాంకు నింపండి. వాటర్ సెపరేటర్ అడుగు నట్టు నెలకోసారి తిప్పి గాజు గ్లాసులోకి కొంచెం దించి చూడండి. నీరుంటే కింద విడిగా నిలబడి కనిపిస్తుంది.

ఫిల్టర్ మార్చాక గాలి పడితే బండి అందుకోదు. ఫిల్టర్ పైన బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండండి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత తేటగా కారుతుంది. అప్పుడు బిగించాలి. ఇది మామూలు పంపు బండి సంగతి. కామన్ రైల్ ఇంజను (కొత్త బళ్ళలో ఉండే, కంప్యూటర్ నడిపే రకం) అయితే రైల్ పైపుల నట్లు ఎట్టి పరిస్థితిలోనూ వదులు చేయకండి. అందులో 1000 బార్‌కు పైగా ఒత్తిడి ఉంటుంది, సన్నటి ధార చర్మంలోకి సూదిలా దిగుతుంది.

ఇంజను ఆయిల్ నల్లబడిందని కంగారు పడొద్దు, పాత డీజిల్‌లో మార్చిన రెండో రోజే నల్లబడుతుంది. కిలోమీటర్లతో పాటు నెలలనూ లెక్కపెట్టండి. తక్కువ తిరిగినా ఏడాదికోసారి మార్చాలి. మా దానికి 15 డబ్ల్యు 40 వాడుతున్నాం. టర్బో ఉంటే ఎత్తు ఎక్కి ఆగగానే తాళం తిప్పేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో వదలండి.

పొగ రంగు చూడటం అలవాటు చేసుకోండి. నల్ల పొగంటే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది: ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాతే నాజిల్స్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి). నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. పొద్దున కాసేపు తెల్లగా వచ్చి ఆగిపోతే హీటర్ ప్లగ్గులు చూడండి. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే నాజిల్స్, పంపు టైమింగ్ చూపించాలి. తెల్ల పొగతో పాటు కూలెంట్ తగ్గుతుంటే నీరు లోపలికి పోతోంది. నాజిల్స్ పనిని పంపు షాపులో మీ ఎదురుగా టెస్టర్ మీద పెట్టి చూడమనండి. మంచి నాజిల్ మంచు పొగలా చిమ్ముతుంది, పాడైనది ధారగా కారుతుంది.

బండి కొనేముందైతే ఇంకో పరీక్ష. వేడి ఇంజను ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి, బోర్లించి ఆ కంత మీదే వదలండి. మూత కొద్దిగా కదిలితే ఫర్వాలేదు. గంతులేసి కింద పడి, పొగ పుంజుకుని వస్తుంటే రింగులు, లైనర్లు అరిగాయి. ఆ బండికి ఇంజను పని ఖర్చు కలుపుకుని బేరమాడండి.

5. టైర్లు, కింది భాగం

టైర్ల మీద నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. క్యారవాన్ టైర్లకు గాడి అరగకముందే వయసు అయిపోతుంది. ఆరేళ్ళు దాటాక ఏటా విప్పించి పక్కగోడల పగుళ్ళు చూడండి, పదేళ్ళు దాటితే ఎంత బాగున్నా తీసేయండి. గాలి, కాటాలో వచ్చిన బరువును బట్టి, చల్లగా ఉన్నప్పుడు.

వెనక స్ప్రింగు కట్టలు ఒకవైపు వాలితే ఒక్క పట్టా వేయించి సరిపెట్టకండి, రెండువైపులా చేయించండి. బుష్షులు, కింగ్‌పిన్, క్రాస్ జాయింట్లకు గ్రీజు ఐదువేల కిలోమీటర్లకోసారి నేనైతే కొట్టిస్తాను.

6. పైకప్పు

2021 నవంబరులో తిరుపతి వానలు ఎవరూ మరిచిపోలేదు. ఘాట్ రోడ్ల మీద కొండరాళ్ళు విరిగిపడ్డాయి, వీధులు ఏరులయ్యాయి. మా బండి ఇంటి ముందే నిలిపి ఉంది. వారం తర్వాత మంచం మీద పరుపు ఎత్తితే కింద ప్లైవుడ్ వేలితో నొక్కినచోటల్లా పొరలుగా ఊడివచ్చింది. నీరు పడింది మంచం పైన కాదు. సోలార్ ఫ్రేము స్క్రూ దగ్గర దూరి, లోపలి లైనింగ్ వెనకగా నాలుగడుగులు పారి అక్కడ దిగింది.

అందుకే లీకు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. నీళ్ళు కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి: ముందు కిటికీ కింది అంచు, పది నిమిషాలు ఆగి పక్క అంచు, ఆ తర్వాత పైకప్పు అతుకులు, చివరికి స్క్రూలు. పైనుంచి ఒకేసారి పోస్తే ఎక్కడ దూరిందో తేలదు.

పాత సీలెంట్ మీద కొత్తది పూయకండి. మొత్తం గీకి, థిన్నర్‌తో తుడిచి, రేకు ఆరాక ఫ్రేము కింద బ్యూటైల్ టేపు, అంచుల చుట్టూ పాలీయురేథేన్ సీలెంట్. సిలికాన్ వాడితే తర్వాత దాని మీద పెయింట్ గానీ, ఇంకో సీలెంట్ గానీ అంటదు. ఎం-సీల్ లాంటి గట్టి ముద్ద బండి ఊగుడుకు పగులుతుంది. లోపల చెక్కపనికి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై వాడండి. డోర్ల అడుగున నీరు పోయే చిన్న కంతల్లో మట్టి కట్టుకుని ఉంటుంది, పుల్లతో పొడవండి. తుప్పు చాలావరకు అక్కడే మొదలవుతుంది.

7. కరెంటు

ఇప్పుడు ఇంటి సంగతికి వచ్చాం. బ్యాటరీ ఎంతది కొనాలని అడిగేముందు రోజుకు ఎంత వాడతారో కాగితం మీద రాయండి. మా వేసవి లెక్క ఇది. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 45 వాట్లు, మన ఎండలో రోజులో 60 శాతం తిరుగుతూనే ఉంటుంది, సుమారు 650 వాట్-గంటలు. రెండు ఫ్యాన్లు పది గంటలు, 500. లైట్లు 50, ఫోన్లు లాప్‌టాప్ 150, నీళ్ళ పంపు 30. మొత్తం 1380.

లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికన్నా ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పోతుంది. 150 ఏ.హెచ్. (ఆంపియర్-గంటల) బ్యాటరీలో చేతికి వచ్చేది 900 వాట్-గంటలే, రెండు కావాలి, రెండూ కలిపి వంద కిలోల చుట్టుపక్కల. 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 200 ఏ.హెచ్. అయితే 2560లో 80 శాతం, అంటే 2000కు పైగా ధైర్యంగా వాడుకోవచ్చు. బరువు పాతిక కిలోల దగ్గర. కాటా గుర్తుంచుకుంటే ఏది కొనాలో తేలిపోతుంది. దాన్ని ఇంజను దగ్గర గానీ, ఎండ పడే డిక్కీలో గానీ పెట్టకండి. 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ ఈ బ్యాటరీలకు మంచిది కాదు. మాది మంచం కింద, గాలి ఆడేచోట ఉంది.

సోలార్ 400 వాట్లు పెట్టాం. రోజుకు ఐదు గంటల నిండు ఎండకు సమానం అనుకుని, నష్టాలకు 30 శాతం తీసేస్తే 1400. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకుంటాం కానీ, ప్యానెల్ కాగేకొద్దీ దిగుబడి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటిన ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పోతుంది. రేకుకు అంటించేసిన ప్యానెల్ మధ్యాహ్నం 65 డిగ్రీలు దాటుతుంది. రేకుకూ ప్యానెల్‌కూ మధ్య రెండంగుళాల సందు వదలండి. ఆ నీడ వల్ల లోపల గది కూడా చల్లబడుతుంది.

బండి నడుస్తున్నప్పుడు డైనమో నుంచి ఛార్జింగ్ తీసుకోవాలంటే, లిథియం బ్యాటరీని తిన్నగా కలపకండి. అది ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, పాత డైనమో కాయిల్ కాలిపోతుంది. మధ్యలో 20 లేదా 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టండి.

వైర్ల మందం దగ్గర ఎలక్ట్రీషియన్లు ఇంటి లెక్క వేస్తారు, అక్కడ మోసపోతాం. బ్యాటరీ నుంచి ఐదు మీటర్ల దూరంలో 20 ఆంపియర్లు కావాలి. పోనూ రానూ పది మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 0.6 వోల్టు దారిలోనే పోతుంది, 12లో అది ఐదు శాతం. 16 వేస్తే 0.23 వోల్టు. ఫ్రిజ్ ఊరికే ఆగిపోతుంటే బ్యాటరీని తిట్టేముందు ఇది చూడండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలో ఉండాలి. రేకు కంతల్లోంచి వైరు వెళ్ళేచోటల్లా రబ్బర్ గ్రోమెట్ ఉండాలి. పాత బళ్ళు తగలబడేది ఎక్కువగా ఒరుసుకుపోయిన వైరు దగ్గరే. మంటలార్పే ఏ.బి.సి. పౌడర్ సిలిండర్ ఒకటి డ్రైవరు పక్కన, ఒకటి మంచం దగ్గర చేతికి అందేలా పెట్టండి.

8. ఎండ

ఏసీ గురించి అందరూ అడుగుతారు. టన్ను ఇన్వర్టర్ ఏసీ దాదాపు కిలోవాట్ లాగుతుంది, రాత్రి ఆరు గంటలకు మన బ్యాటరీ మూడు కావాలి. లాడ్జిలోనో, చుట్టాలింట్లోనో 15 ఆంపియర్ల ప్లగ్గు దొరికిన రోజు వేసుకోండి, బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపే స్విచ్చు) తప్పకుండా పెట్టించి. ఆ ప్లగ్గుకు ఎర్త్ ఉందో లేదో టెస్టర్‌తో చూడకుండా కలపొద్దు, బండి బాడీ అంతా ఇనుమే.

మిగతా రోజులకు ఇవి పనిచేస్తాయి: పైకప్పుకు తెల్లటి కూల్ పెయింట్, లోపలి లైనింగ్ వెనక 19 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్, పైన గాలి బయటికి లాగే ఫ్యాన్, అద్దాలకు బయటివైపు తెర. లోపల తెర వేస్తే వేడి అద్దం దాటి వచ్చేసినట్టే. దూది, గడ్డి రకం ఇన్సులేషన్ వద్దు, తేమ పట్టి రేకును తుప్పు పట్టిస్తుంది.

9. నీళ్ళు, గ్యాస్

ట్యాంకులో బోరునీళ్ళు నింపక తప్పని రోజులుంటాయి. రెండు నెలలకోసారి నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్ళలో కలిపి పంపు, గొట్టాల గుండా తిప్పి, గంట నిలవుంచి కడిగేస్తే సున్నం వదులుతుంది. తాగేనీళ్ళు విడిగా క్యాన్లలో.

గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే నేలమీదే పరుచుకుంటుంది, కిటికీ తెరిస్తే పోదు. సిలిండర్‌ను విడిగా పెట్టెలో ఉంచి, ఆ పెట్టె అడుగున బయటికి కంత పెట్టించండి. ఐదు కిలోల సిలిండర్ చాలు. నారింజ రంగు సురక్షా ట్యూబు మీద తేదీ చూసి ఐదేళ్ళకు మార్చండి. ప్రతి ప్రయాణానికి ముందు అతుకులకు సబ్బునురగ రాసి బుడగ వస్తుందేమో చూడండి. బండి కదిలేముందు రెగ్యులేటర్ ఆఫ్. రాత్రి పొయ్యి ఆర్పేశాకే పడుకోవాలి.

10. కాగితాలు

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లో రాసిన వివరాలు మారేలా బండిని మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి. సీట్లు తీసి మంచాలు వేయడం అలాంటి మార్పే. ఏజెంటుకు వదిలేయకుండా మీరే వెళ్ళి, ఆర్.సి.లో ఎక్కించుకుని, ఇన్సూరెన్సు వాళ్ళకూ రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా యాక్సిడెంటు అయితే క్లెయిమ్ నిలబడకపోవచ్చు. సొంత బండికి 15 ఏళ్ళు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రెన్యువల్. మా ఆర్.సి. 2023లో అలాగే చేయించాం. బ్రేకులు, లైట్లు, పొగ ముందే సరిచేసుకుని వెళ్ళాం కాబట్టి ఒక్క పూటలో అయిపోయింది. ఉత్తరాదికి వెళ్ళే ఆలోచన ఉంటే, ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద ఆంక్షలున్నాయి, ఆ నాటి నిబంధన చూసుకునే దారి వేసుకోండి.

11. పరీక్ష ప్రయాణం

పనులన్నీ అయ్యాక నేరుగా కాశీకి బయలుదేరకండి. మనకు చేతికందే దూరంలో మంచి పరీక్ష ఉంది. తెల్లవారుజామున తిరుపతిలో బయలుదేరి చంద్రగిరి, భాకరాపేట ఘాట్ ఎక్కి, పీలేరు, మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్. సుమారు 140 కిలోమీటర్లు, చివర నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు. ఇంజను ఎంత కాగుతుందో ఎక్కేటప్పుడు, బ్రేకులు ఎంత పట్టుకుంటాయో దిగేటప్పుడు తెలుస్తాయి.

పీలేరులో ఆగి బండి కింద ఒక పాత పేపరు పరిచి టిఫిన్ తినండి. తిరిగి వచ్చేసరికి పేపరు మీద ఏ రంగు చుక్క పడిందో చూడండి: నలుపైతే ఇంజను ఆయిల్, ఎరుపో పచ్చో అయితే కూలెంట్ లేదా స్టీరింగ్ ఆయిల్, వాసన వస్తే డీజిల్. ఏసీ నీరైతే రంగూ వాసనా ఉండదు. హార్సిలీ దిగాక కొండ అడుగున నాలుగు చక్రాల దగ్గరా అరచేతిని దగ్గరగా పెట్టి చూడండి, తాకకుండా. మూడు ఒకే వేడిగా ఉండి ఒకటి భగ్గుమంటుంటే ఆ బ్రేకు పట్టేస్తోంది. ఒకటి మరీ చల్లగా ఉంటే అది పనిచేయడం లేదు.

మా బండి డాష్‌బోర్డులో ఒక వంద పేజీల నోటుబుక్కు ఉంది. తేదీ, కిలోమీటర్లు, పోసిన డీజిల్, మార్చిన సామాను, చక్రాల వేడి అన్నీ అందులో రాస్తాం. ఇప్పుడు పాప రాస్తోంది. పోయిన నెల హార్సిలీ నుంచి దిగాక తను రాసిన గీత ఇది: "ఎడమ వెనక చక్రం ఎక్కువ వేడి. నాన్న మళ్ళీ చూపించాలి." సోమవారం షెడ్డులో విప్పితే ఆ చక్రం హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు. కేబుల్ మార్చాం, నోటుబుక్కులో ఎక్కించాం.